అంతియొకయ భోజనం

మొన్న వెంబ్లీలో ఒక టిఫిన్ హోటల్లో పొడవాటి బల్ల దగ్గర కూర్చుని దోసె తింటున్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ తింటూ తింటూ ప్లేటు పట్టుకుని లేచి పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. తలుపు తెరిచినప్పుడల్లా ఆవిడకి చలిగాలి కొడుతోంది, అంతే. "సారీ అమ్మా, చలి" అని నవ్వింది కూడా. నేనూ నవ్వాను. కానీ ఆ తర్వాత దోసె సగంలోనే వదిలేశాను. బల్ల దగ్గర నుంచి ఎవరైనా అలా లేస్తే చాలు, కోవెంట్రీలో మా పక్కింట్లో ఉండిన టీచరమ్మ గుర్తొస్తారు. ఆవిడ పోయి ఇంకా ఏడాది కాలేదు.

అందరూ ఆవిణ్ణి టీచరమ్మ అనే పిలిచేవారు. అక్కడి స్కూల్లో చాలా ఏళ్ళు మతాల పాఠం చెప్పి రిటైరయ్యారు. ఇక్కడి స్కూళ్ళలో లెక్కలు, సైన్సు ఉన్నట్టే అన్ని మతాల గురించీ ఒక పాఠం ఉంటుంది. సిక్కు పిల్లలకి, ముస్లిం పిల్లలకి, ఏ మతమూ పట్టని ఇంగ్లీషు పిల్లలకి క్రైస్తవం ఎలా పుట్టిందో, ఎలా పాకిందో చెప్పడం ఆవిడ వృత్తి. రిటైరయ్యాక వినడానికి పిల్లలు లేరు కాబట్టి ఆ పాఠం నాకు పడింది.

నేను విజయవాడ నుంచి వచ్చిన ఫార్మసిస్టుని. హిందువుల ఇంట్లో పుట్టాను, ఏసుక్రీస్తు గురించి క్రిస్మస్ కేకుకి మించి తెలియదు. టీచరమ్మ కళ్ళు సరిగా ఆనక డ్రైవింగ్ మానేసిన కొత్తల్లో ఒక ఆదివారం ఉదయం మా తలుపు కొట్టారు. చేతిలో తువ్వాలు చుట్టిన పెద్ద గిన్నె.

"అమ్మాయ్, నన్ను ప్రార్థన హాలు దగ్గర దింపుతావా? గిన్నె నా ఒళ్ళోనే పెట్టుకుంటాలే. నీ కారుకి వాసన అంటదు."

అంటింది. వారమంతా నా కారులో ఎండుచేపల పులుసు వాసన వేసింది. కానీ ఆ రోజు దింపి వెనక్కి తిరగబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "దింపి పోవడానికి నువ్వేమన్నా టాక్సీవా? ప్రార్థనకి రాకపోయినా పర్లేదు. భోజనానికి రా." అలా మొదలై ప్రతి ఆదివారం నాకదే పని అయింది. ప్రార్థన అయ్యేదాకా కారులో ఏదో చదువుకుంటూ కూర్చోవడం, భోజనాల వేళకి లోపలికి వెళ్ళడం.

ఏసు మాట ఊరూరా మోసిన అపొస్తలుల గురించి ఆవిడ మాట్లాడే తీరు నాకు మొదట్లో వింతగా ఉండేది. చర్చి గోడల మీద తలచుట్టూ వెలుగుతో ఉండే మనుషుల్లా కాదు, గుంటూరులో వెనక వీధిలో కాపురమున్నవాళ్ళ గురించి చెప్పినట్టు చెప్పేవారు. "పేతురుకి తొందరెక్కువమ్మా. ముందు మాట అనేస్తాడు, తర్వాత ఏడుస్తాడు. పౌలుకి కోపం. ఆ కోపం లేకపోతే యెరూషలేము దాటేది కాదనుకో ఈ సంగతంతా. కానీ మనిషంటే బర్నబా." బర్నబా పేరెత్తితే ఆవిడ గొంతు మెత్తబడేది. పౌలు ఒకప్పుడు ఈ విశ్వాసుల్ని తరిమి పట్టించినవాడు. మారానని చెప్పినా యెరూషలేములో ఒక్కరూ నమ్మలేదట. అప్పుడు బర్నబా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఇతనికి నేను పూచీ అన్నాడట. తర్వాత పౌలు తన ఊరు తార్సు వెళ్ళిపోయి అందరూ మర్చిపోతే, వెతుక్కుంటూ వెళ్ళి మళ్ళీ తీసుకొచ్చిందీ అతనే. "అదీ మనిషంటే. అందరూ వదిలేసినవాణ్ణి వెతుక్కుంటూ పోవడం."

చలికాలం కారు అద్దాలకి ఆవిరి పడితే, "హీటర్ వెయ్యకు, ఆగు" అనేవారు. చూపుడు వేలితో అద్దం మీద తూర్పు మధ్యధరా సముద్రం గీసేవారు. కింద యెరూషలేము చుక్క, పైన అంతియొకయ అనే పట్నం చుక్క, మధ్యలో కుప్ర ద్వీపం. "చూడు, యెరూషలేములో తన్నులు తిన్నవాళ్ళు ఇలా పైకి పారిపోయారు. పోయినచోటల్లా చెప్పారు. అంతియొకయకి ఈ మాట మొదట మోసుకొచ్చిందెవరో తెలుసా? కుప్ర నుంచి, సముద్రం అవతలి కురేనే నుంచి వచ్చిన ఎవరో. పేర్లు లేవు. సరుకు అమ్ముకోవడానికి వచ్చారో, బానిసలో, ఎవరికీ తెలీదు. వాళ్ళే మొదటిసారి యూదులు కానివాళ్ళకి చెప్పారు. పేరున్నవాళ్ళు తర్వాత వచ్చారు." ఆ పేరులేనివాళ్ళంటే ఆవిడకి విపరీతమైన ఇష్టం. చుట్టూ కార్లు హారన్లు కొడుతున్నా నేను పాఠం అయ్యేదాకా పార్కింగులోంచి కదిలేదాన్ని కాను.

"అప్పుడు చర్చీలు ఎక్కడున్నాయి?" అని ఒకసారి అడిగాను.

"లేవు. రెండు మూడొందల ఏళ్ళు సరైన గుడంటూ లేదు వీళ్ళకి. ఎవరో ఒకరి ఇంట్లో చేరేవాళ్ళు. యజమానీ బానిసా, యూదుడూ గ్రీకువాడూ ఒక్కచోట కూర్చుని రొట్టె విరుచుకునేవాళ్ళు. బయటివాళ్ళకి అది పిచ్చిగా కనిపించేది. పక్కన కూర్చుని తినకూడనివాడి పక్కన కూర్చుని తినడం. అంతేనమ్మా క్రైస్తవం మొదట్లో. మిగతాదంతా తర్వాత కట్టారు."

ఈ పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో తర్వాత తెలిసింది. వాళ్ళ తాత మాదిగ. ఊరందరికీ చెప్పులు కుట్టినవాడు, ఊళ్ళో ఒక్క గడప కూడా ఎక్కనివాడు. ఒక రోజు ఒక మిషనరీ దొర ఎండలో నడిచొచ్చి వాళ్ళ గుడిసెలో నేల మీద కూర్చుని ఆకలేస్తోందన్నాడట. వాళ్ళ నానమ్మ భయపడుతూనే జొన్నసంకటి పెట్టింది. ఆయన తిని, ఇంకొంచెం అడిగాడట. "ఆయన చేసిన ప్రార్థన మా తాతకి ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆ తెలుగు అలాంటిది. కానీ మారు అడిగాడు చూడు, అది అర్థమైంది" అని చెబుతూ టీచరమ్మ కళ్ళద్దాలు తీసి చీరకొంగుతో తుడుచుకున్నారు.

హాలులో ఆవిడ చట్టం ఒకటే. అది కౌన్సిల్ వాళ్ళ కమ్యూనిటీ సెంటర్. తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఆదివారం పూట అద్దెకి తీసుకునేవి. అక్కడ మడతబల్లలు ఉండేవి. విడివిడిగా వేస్తే ఎవరివాళ్ళు ఒక మూల చేరతారని, ఆవిడ వాటిని తలా తోకా కలిపి ఒక్కటే పొడవాటి బల్లగా వేయించేవారు. డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు, మాస్టర్స్ చదివే పిల్లలు, వృద్ధుల కేర్ హోమ్‌లో షిఫ్టు దిగి నేరుగా వచ్చేవాళ్ళు, అందరూ దాని చుట్టూనే. ఎవరి గిన్నె వాళ్ళ ముందు పెట్టుకుంటే గరిటెతో బల్ల మీద కొట్టేవారు. "నడిపించండి, గిన్నెలు నడిపించండి!" ఇక్కడ పుట్టిన పిల్లలు "యెస్ మిస్" అనేవారు.

ఆ బల్ల దగ్గర ఆవిడ కుడిపక్క కుర్చీ ఎప్పుడూ డాక్టర్ గారిది. గుండె డాక్టరు, మంచి పేరున్న మనిషి. కుర్రతనంలో కోవెంట్రీ వచ్చి పరీక్షలు పాసవక, ఉద్యోగం దొరక్క తిరుగుతున్నప్పుడు టీచరమ్మా, ఆవిడ భర్తా ఇంట్లో పెట్టుకుని తిండి పెట్టారు. ఆయన ఆవిణ్ణి "అక్కయ్యా" అనేవారు. ఆవిడకి పిల్లలు లేరు. భర్త పోయినప్పుడు శవపేటిక ముందు భాగం పట్టుకున్నది ఆయనే. ఎండుచేపల పులుసు గిన్నె మూత తియ్యగానే "అక్కయ్యా, తలకాయ నాది" అని చిన్నపిల్లాడిలా చెయ్యి చాపేవారు.

ఒక వేసవిలో డాక్టర్ గారి అమ్మ గుంటూరు నుంచి వచ్చారు, ఇక కొడుకు దగ్గరే ఉండిపోవడానికి. వాళ్ళది పెద్దకులం నుంచి ఎప్పుడో క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబం. తెల్లచీర కట్టుకున్న గంభీరమైన మనిషి. ప్రార్థనలో ఆవిడ పాడితే హాలంతా నిశ్శబ్దమైపోయేదట. మొదటి ఆదివారం భోజనాల దగ్గర నేను ఆవిడ ఎదుటే కూర్చున్నాను. పులుసు కలుపుకుని ఒక ముద్ద తిని, "బాగుంది, ఎవరు చేశారు?" అని మనవరాలిని అడిగారు.

"టీచర్ గ్రాండ్‌మా మేడ్ ఇట్" అంది ఆ పిల్ల.

పెద్దావిడ టీచరమ్మ వైపు తిరిగి ఊరడిగారు. ఊళ్ళో ఏ వైపు అని అడిగారు. తండ్రి పేరడిగారు. టీచరమ్మ అన్నిటికీ నవ్వుతూనే చెప్పారు. పెద్దావిడ ప్లేటు కొంచెం ముందుకి జరిపి, మంచినీళ్ళు తాగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

తర్వాతి ఆదివారం డాక్టర్ గారి భార్య స్టీలు క్యారియర్ తెచ్చింది. అత్తగారికి కారం పడదట. కిటికీ దగ్గర చిన్న బల్ల ఒకటి విడిగా వేశారు. నాలుగు వారాలు గడిచేసరికి కారం పడనివాళ్ళు ఎక్కువయ్యారు. కిటికీ బల్లకి ఇంకో బల్ల, దానికి ఇంకోటి కలిశాయి. ఎవరూ ఒక్క చెడ్డ మాట అనలేదు. అందరూ టీచరమ్మని చూసి నవ్వేవారు, మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగేవారు. డాక్టర్ గారు మాత్రం ఇంకా ఆవిడ కుడిపక్కనే కూర్చునేవారు, కానీ తల వంచుకుని తినేవారు.

ఒక ఆదివారం టీచరమ్మ ఆయన ప్లేటులో తలకాయ ముక్క వేసి పులుసు పోశారు. ఆయన చెయ్యి పెట్టబోతుంటే కిటికీ దగ్గర నుంచి వాళ్ళమ్మ పిలిచారు.

"నాన్నా, ఇటు రా. నీకూ పెట్టాం ఇక్కడ."

ఆయన ప్లేటు వైపు చూశారు. అమ్మ వైపు చూశారు. కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి లేచారు.

టీచరమ్మ కూడా లేచారు. "తమ్ముడూ, ఎందుకు లేచావు?"

"అక్కయ్యా, ఇక్కడొద్దు. ఇంటికొచ్చి మాట్లాడతా."

"లేచింది ఇక్కడ. ఇక్కడే చెప్పు."

"అమ్మకి ఒంట్లో బాగోదు. నేను పక్కనుంటేగానీ తినదు. ఇంత చిన్నదాన్ని ఎందుకు పెద్దది చేస్తారు?"

"చిన్నదే అయితే కూర్చో మరి."

ఆయన కూర్చోలేదు. టీచరమ్మ గొంతు పెంచలేదు. క్లాసులో చివరి బెంచీకి వినపడేలా మాట్లాడే అలవాటు, అంతే. "మా తాత మాదిగవాడు. తోలు కుట్టాడు. పౌలు డేరాలు కుట్టాడు, అదీ తోలుపనే అంటారు. పౌలు వచ్చి ఈ బల్ల దగ్గర కూర్చుంటే ఆయన చేతి రొట్టె మీ అమ్మగారు తింటారా, తినరా? అది చెప్పు చాలు."

డాక్టర్ గారు కుర్చీని బల్ల కిందికి తోశారు. వాళ్ళమ్మే మెల్లగా, ఎంతో మర్యాదగా అన్నారు. "అందరం దేవుని బిడ్డలమేనమ్మా, కాదన్నదెవరు? తిండి సంగతి వేరు."

ఆ కుటుంబం క్యారియర్ సర్దుకుని వెళ్ళిపోయింది. వెనకే మరికొన్ని కుటుంబాలు వెళ్ళాయి. నెల తిరక్కుండా రింగ్ రోడ్డుకి అవతల ఇంకో హాలు తీసుకున్నారని తెలిసింది. ఉండిపోయినవాళ్ళు టీచరమ్మని మెచ్చుకుంటారనుకున్నాను. అదీ జరగలేదు. "మీరన్నది నిజమే టీచరమ్మా, కానీ నలుగురిలో అనాల్సింది కాదు" అన్నారు కొందరు. మా తాతల సంగతి కూడా నలుగురూ ఆరా తీసేలా ఎందుకు చేశారన్నట్టు మరికొందరు ముఖం తిప్పుకున్నారు. వాళ్ళు ఈ ఊళ్ళో తమ కులం ఎవరికీ తెలియకుండా బతుకుతున్నారు మరి. వాళ్ళ పిల్లలకి కూడా తెలియదు. వాళ్ళూ ఒక్కొక్కరే రావడం తగ్గించారు. పొడవాటి బల్ల రెండు మడతబల్లలంత అయింది.

ఒక వర్షపు మధ్యాహ్నం తిరిగి వస్తుంటే, ఇంటి ముందు కారు ఆపినా ఆవిడ దిగలేదు. గిన్నె ఇంచుమించు నిండుగా ఒళ్ళో అలాగే ఉంది.

"అమ్మాయ్, నీకు అంతియొకయ సంగతి సగమే చెప్పాను."

"పేతురు లేచాడన్నారు కదా. మీరెప్పుడూ చెప్పేదేగా."

నిజంగానే అది ఆవిడకి ఇష్టమైన కథ. పేతురు అంతియొకయ వచ్చి యూదులు కానివాళ్ళతో కలిసి హాయిగా తింటుండేవాడు. యెరూషలేము నుంచి పెద్దమనుషులు కొందరు రాగానే వాళ్ళేమనుకుంటారోనని భయపడి బల్ల దగ్గర నుంచి తప్పుకున్నాడు. పౌలు అందరి ముందూ, ముఖం మీదే నిలదీశాడు. ఆ ఘట్టం చెప్పేటప్పుడు టీచరమ్మ చెయ్యి గాల్లోకి లేచేది. స్కూల్లో పిల్లలు చప్పట్లు కొట్టేవారట.

"అంతవరకే చెప్పేదాన్ని. ఎన్నేళ్ళు చెప్పానో, అంతవరకే చెప్పాను" అన్నారు. "పేతురు ఒక్కడే లేవలేదమ్మా. అతన్ని చూసి బర్నబా కూడా లేచాడు."

నేను వైపర్లు ఆపేశాను.

"ఆ మాట పౌలే రాసుకున్నాడు. బర్నబా కూడా, అని. ఆ 'కూడా' చూడు. ఎంత ఏడ్చి రాసుంటాడో. నాకది చదవడమే ఇష్టముండేది కాదు, పిల్లలకి చెప్పకుండా దాటేసేదాన్ని. ఇంకోటి. నిలదీశాక పేతురు ఏమన్నాడో పౌలు రాయలేదు. ఒప్పుకుని ఉంటే రాసేవాడే. అంతియొకయలో వాళ్ళంతా పౌలు పక్కన నిలబడ్డారనీ రాయలేదు. మంచీ చెడూ చూస్తే పౌలన్నదే న్యాయం, నేనిప్పటికీ అదే అంటాను. కానీ ఆ తర్వాత ఆ ముగ్గురూ ఎప్పుడైనా కలిసి భోంచేశారా? అదెవరూ రాయలేదమ్మా."

వాన తగ్గాక గొడుగు పట్టి లోపలికి తీసుకెళ్ళాను. పులుసు నాకే ఇచ్చేశారు.

చలికాలంలో ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట ముద్దగా అయినా, దగ్గర కూర్చుంటే తెలిసేది. మింగడం మాత్రం పోయింది. ఆస్పత్రిలో మంచం తలవైపు గోడకి, నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని బోర్డు పెట్టారు. తిండంతా ముక్కులోంచి వేసిన సన్నటి గొట్టంలోనే వెళ్ళేది. కోలుకోవడం కష్టమని వార్డు డాక్టరు నాకు నెమ్మదిగా చెప్పింది. ఆ సాయంత్రం టీచరమ్మ నా వేళ్ళు పట్టుకుని ఒకే మాట అన్నారు. "తమ్ముణ్ణి రమ్మను."

ఫోన్ చేశాను. "రేపొస్తా" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం వచ్చారు. ఆయన పనిచేసేది వేరే ఆస్పత్రి, ఇక్కడ మామూలు చుట్టంలాగే విజిటర్ల కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చేతిలో ప్లాస్టిక్ డబ్బా. సెలవు పెట్టి, పొద్దున్నే మార్కెట్‌కి పోయి తెచ్చి, తనే అన్నం, చేపల పులుసు వండుకొచ్చారట. మూత తీయబోతూ తలెత్తి గోడ మీది బోర్డు చూశారు. జబ్బు సంగతి నేను ఫోన్లో చెప్పాను, మింగలేరన్నది చెప్పలేదు. అంత పెద్ద డాక్టరు, ఆ బోర్డుని మొదటిసారి చూస్తున్నవాడిలా చదివారు.

"అక్కయ్యా, నేను..." అని ఆగిపోయారు. డబ్బా పక్కన పెట్టబోయారు.

టీచరమ్మ ఎడమ చెయ్యి కదిపారు. మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. "నువ్వు తిను. నేను చూస్తా."

ఆయన తినలేనన్నారు. ఆవిడ చెయ్యి దింపలేదు. చివరికి ఆయన డబ్బా ఒళ్ళో పెట్టుకుని, అన్నం కలుపుకుని తిన్నారు. కన్నీళ్ళు అన్నంలో పడుతుంటే తుడుచుకోకుండా తిన్నారు. పక్క మంచంలోని ఇంగ్లీషావిడ మర్యాదగా తల అటు తిప్పుకుంది. టీచరమ్మ ఆయన నోటి వైపే చూస్తున్నారు. తల్లి పిల్లాడికి పెట్టేటప్పుడు తనకి తెలియకుండానే నోరు తెరుస్తుందే, అలా ఆవిడ పెదవులు కొంచెం విడివడ్డాయి. డబ్బా సగమయ్యాక, "ఇంకొంచెం" అన్నారు. ఆయన ఇంకొంచెం తిన్నారు.

ఆ వారంలోనే టీచరమ్మ పోయారు.

అంత్యక్రియలకి రెండు హాళ్ళవాళ్ళూ వచ్చారు. మట్టి వేసేటప్పుడు కలిసే పాడారు. పాట బాగుంది. తర్వాత శ్మశానం పక్కనున్న గదిలో టీ, బిస్కెట్లు పెట్టాం. తలుపు వైపు కొందరు, కిటికీ వైపు కొందరు కప్పులు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ గీత గీయలేదు. అయినా ఏ కప్పు ఎటు పోవాలో కప్పులకే తెలిసినట్టు ఉంది. డాక్టర్ గారి అమ్మ కుర్చీలో కూర్చుని కళ్ళొత్తుకుంటున్నారు. నిజంగానే ఏడుస్తున్నారు. నేను టీ ఇస్తే తీసుకుని తాగారు.

బయటికొచ్చాక డాక్టర్ గారు కారు తలుపు తీస్తుంటే అడిగాను. "ఈ ఆదివారం పాత హాలుకి వస్తారా?"

ఆయన తాళం చెవి చేతిలో తిప్పుతూ నిలబడ్డారు. "అమ్మ ఉన్నంతకాలం కుదరదమ్మా" అన్నారు. తర్వాత అమ్మని చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా కూర్చోబెట్టి, సీటు బెల్టు పెట్టి, వెళ్ళిపోయారు.

పాత హాలు వసంతంలో వదిలేశారు. మిగిలిన కొద్దిమందీ ఇప్పుడు ఒకరింట్లో చేరుతున్నారని విన్నాను. రింగ్ రోడ్డు అవతలి హాలు బాగా నడుస్తోంది. టీచరమ్మ ఓడిపోయారు. ఆ మాట రాయకుండా, ఆస్పత్రిలో ఆ మధ్యాహ్నం దగ్గర ఆపేద్దామని రెండుసార్లు అనుకున్నాను. కథ సగంలో ఆపితే వినేవాళ్ళు చప్పట్లు కొడతారు. అందుకే చివరిదాకా రాశాను.